అద్దానికి మంచు పట్టిన రోజు

ముందు నా పాదాలు తడిశాయి. వానాకాలం కదా, బండి పైన గుడ్డ ఎక్కడో చిరిగి కారుతుందిలే అనుకున్నాను. కానీ ఆ తడి వేడిగా ఉంది. వేళ్ల సందుల్లో జిగటగా తగులుతోంది. తర్వాత వాసన వచ్చింది. తియ్యటి వాసన, బెల్లం పాకం అడుగంటబోయే ముందు వస్తుందే, అలాంటిది. "ఏందిరా ఈ వాసన?" అని అడిగాను. వంశీ జవాబు చెప్పేలోపల ఎదురుగా ఉన్న అద్దం తెల్లబడిపోయింది. మసకబారడం కాదు, తెల్లబడటమే. సున్నం కొట్టినట్టు కింది నుంచి పైదాకా కమ్ముకుంది. రోడ్డు లేదు, ముందు పోతున్న ఆటో లేదు, ఏమీ లేదు. బయట వైపర్ మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంది. వంశీ "అరె, అరె" అంటూ బ్రేకు మీద నిలబడ్డాడు. బండి పక్కకు జారి, కాజీపేట రోడ్డు పక్క బురదలో ఆగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పుడు నా నోట్లోంచి వచ్చింది దేవుడి పేరు కాదు. "కాకా!" అన్నాను. మా బాపు తమ్ముడు వీరన్న కాకను అలా పిలిచి ఎన్నేళ్లయిందో నాకే తెలియదు.

వంశీ మా తమ్ముడి కొడుకు. బ్యాంకులో ఉద్యోగం. సెలవు దొరికితే చాలు, పాత బండ్ల కింద దూరి నల్లగా తేలుతాడు. మా బాపు వాడిన మిలటరీ ట్రక్కు మార్కెట్ వెనక గోదాంలో మూలన పడి ఉంటే, దాన్ని పట్టుకుని ఒక్కో బోల్టూ విప్పి, తోమి, మళ్లీ బిగించి నడిచేట్టు చేశాడు. అన్నీ మొదట ఉన్నట్టే ఉండాలని వాడి పట్టుదల. ఆ రోజు సుబేదారిలో మా ఇంటి ముందుకు తెచ్చి హారన్ కొట్టి, "అత్తమ్మా, ఎక్కు, కాజీపేట దాంక పోయొద్దాం" అన్నాడు. వాన పడుతోందని రెండు పక్కలా పరదాలు దించాడు. "హీటర్ గూడ పనిచేస్తది తెల్సా? ఎన్నడో బంద్ వెట్టిన పైపులను మల్ల కలిపిన" అని మురిసిపోయాడు. వరంగల్‌లో హీటర్ ఎందుకురా, మనిషి మే నెలలో బయట నిలబడితే వేగిపోతాడు కదా అని నేను నవ్వాను. తర్వాత చాలా రోజులు నాకు నవ్వు రాలేదు.

మా బాపుది మిర్చి వ్యాపారం. ఆ ఇంట్లో పుట్టినవాళ్లకు తుమ్ము ఊపిరి లాంటిది. పొద్దున లేస్తే అమ్మ వాకిలి చల్లుతూ తుమ్మేది, బాపు స్నానం చేస్తూ తుమ్మేవాడు, చుట్టాలు గడప దగ్గరే తుమ్మి, "మంచిగున్నరా" అని అడిగేవాళ్లు. తుమ్మితే అపశకునమని మా ఇంట్లో ఎవరూ అనుకోలేదు. అనుకుంటే ఒక్క పనీ మొదలయ్యేది కాదు. ముందు గదిలో బస్తాలు, వెనక గదిలో మేము. బాపు బస్తా మూతి కుట్టడం చూడటం నాకు సినిమా చూసినట్టే. దబ్బనంలో పురికొస ఎక్కించి, ఎడమచేత్తో చకచకా కుట్టి, చివర చుట్లు తిప్పి, కొసను తలకిందులుగా దూర్చి ఒక ముడి వేసేవాడు. ఎడమచేతివాడు కాబట్టి ఆ ముడి అందరి ముడికీ ఎదురు తిరిగి ఉండేది. హమాలీలు విప్పలేక తిట్టుకునేవాళ్లు. "ముడి సూసి బస్తా ఎవలిదో చెప్పాలె" అనేవాడు బాపు. నిజంగానే మార్కెట్‌లో వెయ్యి బస్తాల మధ్య మా బస్తాను నేను చిన్నప్పుడే చూపించేదాన్ని.

ములుగు అవతల అడవి ఊళ్లలో మిర్చి మంచిది పండేది, తేవడానికి తొవ్వ ఉండేది కాదు. అందుకని బాపు వేలంలో ఆ మిలటరీ బండి కొన్నాడు. ఎక్కడో మంచుకొండల్లో తిరిగి వచ్చిన బండి అట. నాలుగు చక్రాలూ లాగేవి, వాగులో దింపినా ఎక్కి వచ్చేది. మా నాయినమ్మకు మాత్రం అది మొదటి రోజు నుంచే నచ్చలేదు. "పటాలపోళ్లు పడేసిన బండి మనకెందుకురా? ఎడ్లబండ్లు లేవా, లారీలు లేవా?" అని గొణిగింది. బాపు వినలేదు. బాపు ఎవరి మాటా వినే మనిషి కాదు, ఆ గుణం నాకూ వచ్చిందని అమ్మ అనేది. బండి నడిపే పని వీరన్న కాకకు పడింది. బాపు తర్వాత పుట్టినవాడు, ఇంటికి చిన్నవాడు, నాయినమ్మకు కంటిపాప. నన్ను బస్తాల మీద కూర్చోబెట్టి గోదాం చుట్టూ తిప్పేవాడు. తాగుడు అలవాటు ఉందా అంటే, పండగకు కల్లు తాగే మనిషే, అది ఎవరు తాగరు మా దిక్కున?

ఆ రోజు కూడా వానే. అడవి ఊళ్లో చుట్టాలింటికి వెళ్లిన నాయినమ్మను ఎక్కించుకుని కాక తిరిగొస్తున్నాడు. తొవ్వలో మోరీ దగ్గర బండి పక్కకు ఒరిగి కాలువలో పడింది. కాకకు చెయ్యి విరిగింది. నాయినమ్మను ఇంటికి తెచ్చేసరికి ప్రాణం లేదు. నాకు అప్పుడు ఏం అర్థమవుతుంది? ఇంటి నిండా మనుషులు, ఏడుపులు, మధ్య మధ్య తుమ్ములు. ఒకటి మాత్రం నిన్న జరిగినట్టు గుర్తుంది. ఆమెను పడుకోబెట్టిన చాప పక్క కూర్చుని చీర కొంగు పట్టుకున్నాను. అది తడిగా, జిగటగా ఉంది, తియ్యటి వాసన. నా వెనక ఉన్న ఆడవాళ్లలో ఎవరో అన్నారు, "సూడు, ముసల్దాని మీద గూడ ఒలకబోసిండు." ములుగు అడవుల్లో ఇప్పపువ్వు సారా కాస్తారు. దాని వాసన తియ్యగా ఉంటుంది. కాక బట్టలు కూడా అదే వాసన. ఇంక ఎవరికి ఏం సాక్ష్యం కావాలి?

కాక విరిగిన చెయ్యి పట్టుకుని వాకిట్లో నిలబడి ఒక్కటే మాట చెప్పాడు. "నేను తాగలేదన్నా. అమ్మ తోడు. అద్దానికి మంచు పట్టింది. లోపట్నుంచి తెల్లగైంది. తొవ్వ కనబడలే."

చావు ఇంట్లో నవ్వు వినడం అదే మొదటిసారి నాకు. ఎవరో ముసలాయన నవ్వాడు. వరంగల్ జిల్లాలో అద్దానికి మంచు! కాక చెప్పిన దానికి ఆ నవ్వే తీర్పు అయింది. మా దిక్కున తండ్రికి పెద్దకొడుకు, తల్లికి చిన్నకొడుకు తలకొరివి పెట్టాలి. కాక తడి బట్టలతో కుండ దగ్గరికి వచ్చాడు. బాపు అడ్డం నిలబడ్డాడు. "తాగి తల్లిని సంపినోడు కొరివి వెడుతడా? నడువు" అన్నాడు. కొరివి తానే పెట్టాడు. కాక శ్మశానం బయట చెట్టు కింద నిలబడి, పొగ ఆగేదాకా ఉండి, అటు నుంచి అటే నర్సంపేట పోయాడు. అక్కడే పిండి గిర్ని పెట్టుకున్నాడు, అక్కడే పెళ్లి, అక్కడే పిల్లలు. మా గడప మళ్లీ తొక్కలేదు.

మా ఇంట్లో మిగిలింది ఆ మాట ఒక్కటే. కుండ పగలగొట్టి నేను పిల్లి మీద పెడితే అమ్మ అడిగేది, "ఎట్ల పలిగింది? మంచు పట్టిందా?" తమ్ముడు బడి ఎగ్గొట్టి కడుపునొప్పి అంటే, "ఔనౌను, మంచు పట్టిందిలే" అనేవాళ్లం. మంచు అంటే మా ఇంట్లో అబద్ధం. నా పెళ్లయ్యాక మా అత్తగారింటికి కూడా ఆ మాట మోసుకుపోయాను, వాళ్లూ నేర్చుకున్నారు. ఒక మనిషి బతుకును మేము సామెత చేసుకుని తరతరాలు నవ్వుకున్నాం. అయితే బాపు ఉన్నప్పుడు మాత్రం ఆ మాట అనేవాళ్లం కాదు. ఎవరైనా నోరు జారితే అన్నం ముందు నుంచి లేచిపోయేవాడు. తల్లి గుర్తొచ్చి కాబోలు అనుకునేవాళ్లం. పెత్రమాస, అదే మహాలయ అమావాస్య నాడు పెద్దలకు బియ్యం ఇచ్చేటప్పుడు కూడా బాపుది ఒక వింత ఉండేది. బియ్యం, కూరగాయలు, పప్పు అన్నీ రెండు చేటల్లో పెట్టించేవాడు. "ఈ రెండోది ఎవలు ఇస్తున్నట్టు?" అని అయ్యగారు అడిగితే, "తీస్కోరాదయ్యా, అడుగుడెందుకు" అని కసిరేవాడు. ముసలితనం చాదస్తం అనుకున్నాం. బాపు పోయాక తమ్ముడు ఒక్క చేటే ఇస్తున్నాడు.

బురదలో ఆగిన బండిలో కూర్చుని ఇవన్నీ వంశీకి చెప్పానా అంటే, చెప్పలేదు. పరదా ఎత్తి, చేత్తో అద్దం తుడుచుకుంటూ, వాడే మెల్లగా గోదాం దాకా నడిపించాడు. మర్నాడు కాళ్ల దగ్గర రేకులన్నీ విప్పి, నీళ్లు దించి, డ్యాష్‌బోర్డు కింద నుంచి ఒక పెట్టె బయటికి లాగాడు. దాంట్లో చిన్న రేడియేటర్ లాంటిది, ఇత్తడి గొట్టాలు, చుట్టూ రేకు మడతలు. ఇంజన్‌లో కాగిన నీళ్లు దాంట్లోకి వస్తే ఆ వేడి లోపల కూర్చున్నవాళ్లకు తగులుతుందట. కోర్ అంటారట. ఒక మూల చిట్లి, చుట్టూ పచ్చటి పొక్కు కట్టి ఉంది.

"ఇది కొత్త చిల్లు గాదత్తమ్మా. సూడు, ఎంత పాతగున్నదో. ఈ చిల్లు తోని వేడి నీళ్లు ఆవిరై పెట్టెలకెళ్లి సీద అద్దం మీద కొడుతది. పరదాలు దించి ఉంటే ఇంక సూడు, క్షణంల తెల్లగైతది."

"ఆ తియ్యటి వాసన?"

"కూలెంట్‌ది. నేనే పోసిన, నీళ్లు గడ్డకట్టకుండ కలుపుతరు. చలి జాగల తిరిగిన బండి గద, మనోళ్లు కొన్నప్పుడు గూడ దాంట్ల అదే ఉండొచ్చు. తర్వాత వీళ్లు ఉత్త నీళ్లే పోసిన్రు గావచ్చు." చెబుతూ చెబుతూ వాడు ఆగిపోయాడు. వాడూ ఆ సామెత విని పెరిగినవాడే. "అత్తమ్మా... మంచు..." అన్నాడు.

అంతటితో అయిపోయినా బాగుండేది. ఇంతసేపూ నాకు ఒకే ఆలోచన, పాపం ఎవరికీ తెలియలేదు, తెలియక చేశారు అని. తెలియక చేసినదాన్ని ఎలాగో మింగవచ్చు. అప్పుడు వంశీ అటక మీది రేకు డబ్బా తెచ్చాడు. పైపులు కలిపేటప్పుడు కోసి తీసిన పాత ముక్కలు దాంట్లో వేశాడట. "ఎవలో అప్పుడే ఈ రెండు పైపులు బంద్ వెట్టిన్రు, హీటర్‌కు నీళ్లు పోకుండ. గీ కట్టె బిరడలు కొట్టి, పురికొస చుట్టి. మెకానిక్ పని లెక్క లేదు" అన్నాడు. రెండు రబ్బరు ముక్కలు, వాటి నోట్లో చెక్కిన టేకు బిరడలు, చుట్టూ గ్రీజులో నాని రాయిలా గట్టిపడ్డ పురికొస. ముడి ఎదురు తిరిగి ఉంది. కొస తలకిందులుగా దూర్చి ఉంది.

ఆ ముడిని నేను వెయ్యి బస్తాల మధ్య గుర్తుపడతాను.

బాపుకు తెలుసు. కాలువలోంచి లాగి తెచ్చిన బండిని బాగు చేయిస్తున్నప్పుడు ఆ పెట్టెలో తడి చూశాడు, వాసన చూశాడు, అర్థం చేసుకున్నాడు. ఎవరికీ చెప్పకుండా తన చేత్తోనే బిరడలు చెక్కి, కొట్టి, బస్తా మూతి కట్టినట్టు కట్టేశాడు. తర్వాత అదే బండిలో ఏళ్ల తరబడి మిర్చి తెచ్చి అమ్మి మమ్మల్ని పెంచాడు. నా పెళ్లి కూడా ఆ మిర్చితోనే చేశాడు. మా బాపు! తూకంలో గింజ తేడా వస్తే అన్నం సహించని బాపు! నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తమ్ముడింట్లో గోడ మీది ఆయన ఫోటో ముందుకు పోయి, "ఏం మనిషివే నువ్వు?" అని అరిచాను. తమ్ముడు భయపడి మంచినీళ్లు తెచ్చాడు. ఎందుకు చెప్పలేదో ఆలోచిస్తే మాత్రం నాకు తెలుస్తూనే ఉంది. తల్లి వద్దన్న బండి తానే కొన్నాడు. తమ్ముడు తాగలేదంటే తల్లిని చంపింది తాను తెచ్చిన బండి. పైగా కొరివి పెట్టేశాడు. పెట్టిన కొరివిని వెనక్కి తీసుకోవడం ఎక్కడైనా ఉంటుందా? రెండో చేట కాక తరఫున అని కూడా అప్పుడు తెలిసింది.

మర్నాడే నర్సంపేట పోయాను. గిర్ని నడుస్తూనే ఉంది. కాక కనుబొమ్మల దాకా పిండి, నడుం వంగింది, నన్ను చూసి ముందు గుర్తుపట్టలేదు. పేరు చెబితే, "మిర్చిపిల్లవా!" అని చెయ్యి పట్టుకున్నాడు. నేను బండి సంగతి గడగడా చెప్పేశాను. అద్దం తెల్లబడింది కాక, నా కళ్లతో చూశాను అన్నాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "నేను గప్పుడే చెప్పిన గద బిడ్డా" అన్నాడు, నిన్న సాయంత్రం చెప్పిన మాటలాగా. తర్వాత సంచిలోంచి ఆ రబ్బరు ముక్క తీసి చేతిలో పెట్టాను. ముడి మీద బొటనవేలు పెట్టి చాలాసేపు రుద్దాడు. లేచి గిర్ని బంద్ చేశాడు. ఆ చప్పుడు ఆగితే ఇల్లంతా గుయ్యిమంది.

"ఎప్పుడు ఎరుకైందంటవు మీ బాపుకు? కొరివికి ముందటనా, ఎనుకనా?"

"ఎనుకనే కాక. బండి కాల్వలకెళ్లి తీసినంకనే గద కట్టింది."

కాక ఊపిరి వదిలాడు. "ఎనుకనైతే మంచిదే" అన్నాడు. అంతే. ఇన్నేళ్లలో ఆయన అడగాలనుకున్నది అదొక్కటేనేమో. నేను మాత్రం అక్కడ పిండి బస్తా మీద తల పెట్టి, చిన్నపిల్లలా ఏడ్చాను.

తిరిగొచ్చేసరికి వంశీ కొత్త కోర్ తెచ్చి పెట్టుకున్నాడు. రేడియేటర్ దుకాణంలో కొలతలిచ్చి చేయించాడట, మెరిసిపోతోంది. నేను వద్దన్నాను. "ఆ చిల్లుదే మల్ల పెట్టు. పెత్రమాస దాంక ఉండనియ్యి" అన్నాను. వాడు నెత్తి కొట్టుకున్నాడు. "లీకైతదని తీసిందాన్ని మల్ల ఎవలన్న పెడుతరా? ఆ నీళ్లు విషం అత్తమ్మా!" పెట్టించాను. నవ్విన ఇంటివాళ్లందరూ చూడాలి. చెబితే నమ్మే రకం కాదు మావాళ్లు, కాక చెప్పినప్పుడు నమ్మారా?

పెత్రమాస నాడు కాకను తమ్ముడే పోయి తెచ్చాడు. గడప దగ్గర ఆగి తుమ్మాడు కాక. ఇప్పుడు ఆ ఇంట్లో మిర్చి లేదు, ముందు గది అద్దెకిచ్చాం, సెల్‌ఫోన్లు బాగుచేస్తారు అక్కడ. బస్తాలు లేవు, దబ్బనం లేదు, సంచుల మూతులు మార్కెట్‌లో మిషన్ కుడుతోంది, ఏ బస్తా ఎవరిదో ముడి చూసి చెప్పేవాళ్లు లేరు. అప్పుడు పదిమంది కూర్చుని ఒక మనిషిని దొంగను చేసేవాళ్లం. ఇప్పుడు పదిమందిని ఒకచోట కూర్చోబెట్టాలంటేనే నాకు తలప్రాణం తోకకొచ్చింది. ఏది మంచి కాలమో నాకు తెలియదు. కాక పీట మీద కూర్చుని, నాయినమ్మ పేరు చెప్పి, అయ్యగారికి బియ్యం ఇచ్చాడు. తమ్ముడు పక్కన నిలబడి చేట పట్టాడు. తర్వాత గోదాం వాకిట్లో పరదాలు దించిన బండిలో మావాళ్లను ఇద్దరిద్దరిని కూర్చోబెట్టి వంశీ ఇంజన్ తిప్పాడు. ఎక్కినప్పుడు నవ్విన మొహాలు దిగేటప్పుడు ఎలా ఉన్నాయో చెప్పలేను. మా పెద్దమ్మ కొడుకు, ఆ సామెతను అందరికంటే ఎక్కువ వాడినవాడు, దిగి వచ్చి కాక కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు.

చివరికి కాక లేచాడు. ఎవరూ అడగలేదు. డ్రైవర్ సీట్లో కూర్చుని, స్టీరింగ్ మీద రెండు చేతులూ వేసి, "నువ్వు గూడ రా బిడ్డా" అన్నాడు. నేను ఎడమపక్క ఎక్కాను. బయట నుంచి వంశీ పరదాలు కట్టేశాడు. ఇంజన్ కాగి ఉందేమో, వాసన వెంటనే వచ్చింది. తెల్లదనం కింది నుంచి లేచింది. వాకిలి పోయింది, మనుషులు పోయారు. ఎలా జరిగిందో నాకు తెలియదు, ఆలోచించి చేసింది కాదు. కాకకు కనపడటం లేదనిపించి, సీట్లోంచి సగం లేచి, ముందుకు వంగి నా కొంగుతో ఆయన ముందున్న అద్దం తుడవబోయాను.

"లెవ్వకు!" అని అరిచాడు కాక. ఆగి ఉన్న బండిలో, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని, గొంతు చించుకుని అరిచాడు. "కూసో అమ్మా! నాకు తొవ్వ కనబడకున్నా మంచిదే, నువ్వు లెవ్వకు, కూసో!"

నా కొంగు తడిగా, జిగటగా చేతిలో ఉంది. అదే తడి, అదే వాసన. చాప పక్కన కూర్చుని నేను పట్టుకున్నది సారా ఒలికిన కొంగు కాదు. కొడుకుకు తొవ్వ చూపడానికి నాయినమ్మ అద్దం తుడిచిన కొంగు. కాక చెప్పింది నిజమని తెలిసిన ఒక్క మనిషి ఆమె.

"కూసున్న బిడ్డా" అన్నాను. కూర్చున్నాను.